నీలి దీపంలో తాతయ్య ముక్కు

తాతయ్య ముప్పై ఏళ్లుగా థైరాయిడ్ డాక్టరు. మెడ తడిమి జబ్బు చెప్పేస్తాడని పేరు. అలాంటి మనిషి అరవై రెండేళ్ల వయసులో, సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని మళ్లీ క్లాసులకు బయలుదేరాడు.

కారణం లేకపోలేదు. రోగులకు రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చే అనుమతి ఆసుపత్రిలో ఒకే ఒక్క పెద్ద డాక్టరుకు ఉండేది. ఆయన కాస్తా రిటైరయ్యాడు. అప్పటి నుంచి ఆ మందు కావాలంటే ఆరు గంటలు బస్సులో పడి వేరే ఊరు పోవాలి. థైరాయిడ్ ఎక్కువై చేతులు వణుకుతున్న దర్జీ ఆవిడకు బస్సు పేరెత్తితేనే కడుపులో తిప్పుతుంది.

"సూదిలో దారం ఎక్కడం లేదు డాక్టరుగారూ. మీరే ఇస్తానంటే ఆగుతా."

"ఇస్తాగా!" అని తాతయ్య మాటిచ్చేశాడు. మాటివ్వడానికి శిక్షణ అక్కర్లేదు మరి.

మందివ్వడానికి కావాలి. ఎనభై గంటలు. మోతాదు లెక్క కట్టడం, మందొచ్చే సీసపు డబ్బా విప్పడం, ఒలికితే తుడవడం... ఒక్కోదానికీ పుస్తకంలో ట్రైనర్ సంతకం పడాలి. ఆ ట్రైనర్ రేడియేషన్ భద్రత చూసే ఆవిడ. టిక్కుటిక్కుమనే మీటరు చేతిలో లేకుండా ఎవరికీ కనిపించలేదు కాబట్టి అందరూ మీటరమ్మ అంటారు. తాతయ్య చిన్న కూతురికన్నా చిన్నది.

లెక్కల్లో తాతయ్య పులి. తుడవడం దగ్గరే పిల్లి అయ్యాడు.

పరీక్షకు ఒలకబోసేది ఉత్త నీళ్లే. కాకపోతే నీలి దీపం వేస్తే మెరిసే రంగు కలుపుతారు. తాతయ్య గౌను, గ్లౌజులు తొడిగాడు. మరక చుట్టూ గీత గీశాడు. అంచు నుంచి మధ్యకు తుడిచాడు. గ్లౌజులు తిరగేసి విప్పి, పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

మీటరమ్మ లైటార్పి నీలి దీపం వేసింది. నేల శుభ్రంగా ఉంది. తాతయ్య ముక్కు మాత్రం మిణుగురు పురుగులా వెలిగిపోతోంది.

"కళ్లజోడు జారినప్పుడల్లా గ్లౌజు వేలితో పైకి తోశారు సార్. పదకొండు సార్లు."

"నేనా? నాకా అలవాటే లేదమ్మాయ్!" అంటూ తాతయ్య కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"పన్నెండు," అంది మీటరమ్మ.

సంతకం పడలేదు. వారం తర్వాత ఇంకొక్క అవకాశం. అదీ పోతే మళ్లీ వచ్చే ఏడాదే.

ఆ వారం తాతయ్య ఇల్లు పీకి పందిరి వేశాడు. వంటగదిలో సిరా నీళ్లు ఒలకబోసి, బామ్మను గీత లోపల నిలబెట్టాడు.

"కదలకు. నువ్విప్పుడు కలుషితమైనదానివి."

"నలభై ఏళ్లు కాపురం చేశాక తెలిసిందా ఆ సంగతి? పొయ్యి మీద పాలండీ!"

"పాలకు అనుమతి లేదు."

పాలు అనుమతి అడక్కుండానే పొంగాయి. తాతయ్య ముక్కు నీలమైంది. మర్నాడూ నీలమే. అయిదు రోజులు నీలం ముక్కుతోనే భోజనానికి కూర్చున్నాడు. అయిదో రోజు అన్నం కెలుకుతూ, "నా వల్ల కాదోయ్. ఆ దర్జీ ఆవిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు.

బామ్మ లేచింది. తాతయ్య పాత పైజమాలోంచి బొందు లాగి, రెండు కొసలూ కళ్లజోడు కాడలకు చుట్టి కుట్టి, తల వెనక ముడేసింది.

"నా పైజమానా!"

"పైజమా జారితే చూసేదాన్ని నేనొక్కదాన్నే. కళ్లజోడు జారితే ఊరంతా చూస్తుంది."

రెండో పరీక్షలో ఆ బొందు చూసి మీటరమ్మ పెదవి కొరుక్కుంది. తుడుస్తుంటే తాతయ్య చెయ్యి మూడుసార్లు అలవాటుగా ముక్కు దాకా లేచింది. కళ్లజోడు జారలేదని గుర్తొచ్చి మూడుసార్లూ దిగింది. నీలి దీపం వేస్తే ఆయన ముక్కు ఎక్కడుందో కూడా తెలియలేదు.

"పుస్తకం ఇలా ఇవ్వండి సార్," అంది మీటరమ్మ. సంతకం పెట్టి, "బొందు మాత్రం విప్పకండి," అంది.

అనుమతి కాగితం చేతికందగానే తాతయ్య మొదట పిలిచింది దర్జీ ఆవిడనే. ఆవిడ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, మందు గుటుక్కున మింగి, డాక్టరు తల వైపు చూసింది.

"డాక్టరుగారూ, ఆ బొందు ఎవరు కుట్టారండీ?"

"మా ఆవిడ. ఏం?"

"వణికే చేతుల్తో నేనైనా ఇంతకన్నా తిన్నగా కుడతాను. నన్ను కాస్త బాగుపడనివ్వండి, మొదట దాన్నే విప్పి మళ్లీ కుడతా."

ఆ మాట తాతయ్య ఇంతవరకూ బామ్మ చెవిన వెయ్యలేదు.