రెండో గాజుకుప్పె

నా చిన్నప్పుడు నస్పూరులోని మా బడిలో అన్నిటికన్నా భద్రంగా ఉన్నది సైన్సు. అద్దాల బీరువాలో గాజుకుప్పెలు, పరీక్షనాళికలు వరుసగా మెరుస్తుండేవి. తాళంచెవి మా పెద్దసారు మొలతాడుకు వేలాడేది. ఒక్కటి పగిలినా పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవాలని ఆయనకు హడలు. ఏటా తనిఖీకి వచ్చే అధికారి అన్నీ చూసి, ఒక్కటీ పగల్లేదని మెచ్చుకుని పోయేవారు. మేమేమో బీరువా ముందు నిలబడి ప్రయోగాలు వల్లె వేసేవాళ్లం.

మా సైన్సు టీచరమ్మ ఫెలోషిప్పు మీద ఏడాదిపాటు హైదరాబాదులో ఉండి, ప్రయోగాలతో పాఠం చెప్పడం నేర్చుకుని వచ్చారు. రాగానే తాళంచెవి అడిగారు.

"పలిగితె జవాబెవరు చెప్తరమ్మా?" అన్నారు పెద్దసారు.

"నేనే చెప్త సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

మొదటి కుప్పె నా చేతికే ఇచ్చారు. బొగ్గుబాయి కార్మికుడి కూతురిని, ఆ రోజు నా గర్వం చూడాలి! స్పిరిటు దీపం మీద నీళ్లు కాగగానే కుప్పెను పట్టకారుతో దించి, సరాసరి తడి బండ మీద పెట్టాను. టప్పుమని అడుగు ఊడిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇక బీరువాకు మళ్లీ తాళమే, అదీ నా వల్లే అనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

టీచరమ్మ కోప్పడలేదు. సామాన్ల రిజిస్టరు తెప్పించి, కారణం రాసే గడిలో 'నేర్చుకుంటుండగా పగిలింది' అని రాసి సంతకం చేశారు. తర్వాత రెండో కుప్పె తీసి మళ్లీ నా చేతికే ఇచ్చారు.

"ఏడ్చుడు బంద్ చెయ్యి బిడ్డా. గది ఎందుకు పలిగిందో చెప్పు, గప్పుడు గిది దీపం మీద పెట్టు."

ఆ ఏడు తనిఖీ అధికారి రిజిస్టరు చూసి మండిపడ్డారు. టీచరమ్మను బదిలీ చేయిస్తానన్నారు. "జర మా పిల్లతో మాట్లాడుండ్రి" అని టీచరమ్మ నన్ను లేపారు.

"కింద ఒక్కసారే సల్లబడి దగ్గరికి గుంజుకున్నది సార్. పైన ఇంకా వేడే ఉండె. గందుకే పలిగింది. ఇప్పుడైతె చెక్క మీద పెడ్త."

ఆయన బదిలీ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పేజీకి నకలు రాయించుకుని వెళ్లిపోయారు.

కొన్ని నెలలకు, ఆయన పంపిన ఆ నకలు చూసి, సైన్సు చదువుకు నియమాలు రాసే కమిటీ మా టీచరమ్మను పిలిపించింది. ఊడిన ఆ గాజు అడుగును గుడ్డలో చుట్టుకుని మరీ వెళ్లారు. మరుసటేడు ఉత్తర్వు వచ్చింది. ప్రయోగాల్లో పగిలిన వాటికి సంజాయిషీ అక్కర్లేదట! పెద్దసారు ప్రార్థన వేళ దాన్ని గొంతెత్తి చదివి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, అందరి ముందూ టీచరమ్మ చేతిలో పెట్టారు. మా చప్పట్లకు బడి రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. అంత సంతోషం నేను పెళ్లినాడు కూడా ఎరగను.

తర్వాత నేనూ సైన్సు టీచరునయ్యాను. బదిలీ మీద ఏ బడికి వెళ్లినా ముందు సామాన్ల రిజిస్టరు తిరగేసేదాన్ని. ఏమీ పగలని బడి కనబడితే ఆ రోజే బీరువా తెరిపించి, అందరికన్నా వెనక బెదురుతూ కూర్చున్న పిల్ల చేతికి కుప్పె ఇచ్చేదాన్ని. పగలగొడితే, రెండోదీ ఆ పిల్లకే.