చలపతిరావుగారి ఎదుట ‘మా’ అనకూడదు

చలపతిరావుగారి ఎదుట ‘మా’ అనకూడదు. మా ఇల్లు, మా ఊరు, మా ఆవిడ, మా కర్మ, ఏదైనా సరే, ఆ మాట నోరు జారిందా, ఇక ఆ పూట మీది కాదు. పని ఎక్కడిది అక్కడే ఉంటుంది, మీరు మాత్రం చైనా మీదుగా హంగరీ చేరుకుంటారు.

ఆయనది తెనాలి. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఆ సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం ఆయన ఉద్యోగం. ఆ పుస్తకాలు ఎవరూ చదవరని కంపెనీకి తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకని మిగిలిన తీరికంతా ఆ ఒక్క అక్షరం మీద ఖర్చు పెట్టేవారు.

పక్క సీటు ఓదెలుది. సిద్దిపేట కుర్రాడు, చేరిన రోజే దొరికిపోయాడు. మొహమాటంగా సకినాల డబ్బా ముందుకు జరిపి, “మా అమ్మ పంపింది సార్, తినుండ్రి” అన్నాడు.

చలపతిరావుగారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీశారంటే పారిపోవాలని పాపం ఓదెలుకు ఎవరూ చెప్పలేదు.

“మా అమ్మ! ఒకే మాట రెండుసార్లు అన్నావయ్యా. హిందీలో మా అంటేనే అమ్మ. చైనాలోనూ అమ్మే. కాకపోతే రాగం కాస్త మారితే గుర్రం.”

“గుర్రమా సార్?”

“ఇంకాస్త మారితే నార. మరీ మారితే తిట్టడం. చైనావాడు తల్లిని పిలవాలంటే ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలో ఆలోచించు!”

“నేను ఆలోచిస్త గని, మీరు తినుండ్రి సార్.”

“ఇంతకీ అమ్మకి ఆ పేరు ఎలా వచ్చిందంటావ్? పసిపిల్లల పెదాల మీద పుట్టింది. రెండు పెదాలూ కలిపి విడదీస్తే చాలు, మా! పళ్లు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మిగతా అర్థాలన్నీ ఎవరి దారిన వాళ్లు తెచ్చుకున్నవి.”

ఆయన చెబుతూ చెబుతూ డబ్బా ఖాళీ చేశారు. ఓదెలుకు ఒక్క సకినమూ మిగల్లేదు, అడగడానికి సందూ దొరకలేదు.

నెల తిరక్కుండానే ఓదెలుకు ఆఫీసు భాష పట్టుబడింది. అక్కడ ఎవరూ ‘మా ఆవిడ’ అనరు, ‘నన్ను కట్టుకున్నావిడ’ అంటారు. ‘మా ఊరు’ అనరు, ‘నేను పుట్టిన చోటు’ అంటారు. మేనేజరు హేమంత్ కడప మనిషి. ఒకసారి మీటింగులో “మా నాయన” అనబోయి, బల్లకు అటువైపు కళ్లజోడు కదలడం చూసి, “అదే సార్, అమ్మ మొగుడు” అని గండం గట్టెక్కాడు.

ఇంట్లో ఆయన భార్య రత్నమాలగారి పద్ధతి వేరు. ఆయన మొదలుపెట్టగానే మిక్సీ వేసేవారట. ఆ ఇంట్లో చట్నీలకు ఎన్నడూ లోటు లేదని చెప్పుకునేవాళ్లు.

అయితే చలపతిరావుగారికి ఒక నీతి ఉంది. ఒకసారి చెప్పిన దేశం ఆ పూటకి మళ్లీ చెప్పరు. “చెప్పిందే చెప్పేవాణ్ణి సోదిమనిషి అంటారయ్యా” అనేవారు. తనది సోది కాదని ఆయనకు గట్టి నమ్మకం.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటలు వేడెక్కేవి. ఓ రోజు ఓదెలు ఆగలేక బల్ల గుద్ది, “మా నీళ్లు మాగ్గావాలె!” అన్నాడు. కోస్తావాళ్లు ముగ్గురు ప్లేట్లు పక్కన పెట్టారు. గొడవ ముదరబోతుండగా చలపతిరావుగారు కళ్లజోడు తీసి, “అరబ్బీలో మా అంటేనే నీళ్లు. నువ్వు నీళ్లు నీళ్లు అన్నావన్నమాట” అన్నారు. రెండు పక్షాలూ ఒక్కసారిగా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాయి. ఆయన్ని చూసి ఓదెలుకు ఒళ్లు మండింది. ఇక్కడ ఇంత జరుగుతుంటే ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదే అనుకున్నాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే కంపెనీలో కొత్తవాళ్లకు ఇంటర్వ్యూలు పెట్టారు. రాతపరీక్ష నెగ్గినవాళ్లలో ఓదెలు చెల్లెలు భూలక్ష్మి కూడా ఉంది. అంతకుముందు రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూ దాకా వచ్చి పోయింది. “ఇది గిట్ల పోతే ఇగ నేను ఎక్కడికీ రానన్నా” అని తేల్చి చెప్పింది. తన చెల్లెలని ఓదెలు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, సిఫార్సు అనుకుంటారని.

చివరి రోజు. నాలుగింటికల్లా హేమంత్ ఇంటర్వ్యూలు ముగించేస్తానన్నాడు. మూడింటికి భూలక్ష్మి ఫోను.

“అన్నా, జీపు అల్వాల్ కాడ ఆగింది. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు.”

ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తింటారు. వచ్చిన బండి ఆగాలి. ఆ పొయ్యి దగ్గరివాళ్లు ఆగినవాణ్ణి తినకుండా కదలనివ్వడం లేదు.

“కూర ఉడికిందా?” అన్నాడు ఓదెలు గొంతు తగ్గించి.

“ఇప్పుడే పోపేసిన్రు.”

పోయిన ఆదివారం ఇంకో రోడ్డు మీద కూర్చుని గంపెడు ఉల్లిగడ్డలు తరిగింది ఓదెలే. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియక ఫోను వంక ఉరిమి చూశాడు. కాసేపాగి మళ్లీ చేశాడు.

“ఉడికిందా?”

“అన్నం దించిన్రు. పప్పు ఇంక కాలే.”

“ఎవరికన్నా చెప్పి ముందు తిని బయలెల్లు!”

“అందరు కూసున్నంకనే వడ్డిస్తరట అన్నా.”

మూడోసారి చేస్తే, తిని బయల్దేరానంది. కానీ అల్వాల్ ఎక్కడ, హైటెక్ సిటీ ఎక్కడ! నాలుగు కొట్టింది. హేమంత్ బ్యాగు తగిలించుకుని వచ్చాడు. “ఒకమ్మాయి రాలేదు. రాలేదని మెయిలు కొట్టేసి పోతా” అన్నాడు. ఓదెలు లేచి నిలబడ్డాడు.

తలుపు దగ్గర చలపతిరావుగారు ఉన్నారు.

“అప్పుడే బయల్దేరారా హేమంత్ గారూ?”

“అవును సార్. ఐదు దాటితే మియాపూర్ రోడ్డు మూస్తారంట. ఇంటికి పోవల్ల.” ఎంతో జాగ్రత్తగా అన్నాడు హేమంత్.

“ఎవరింటికండీ?”

“మా ఇంటికే సార్!” అని నాలుక కరుచుకున్నాడు. అప్పటికే కళ్లజోడు కిందికి దిగింది.

“మా! సంస్కృతంలో మా అంటే వద్దు. ‘వద్దు ఇంటికి’ అని మీరే అన్నారు, కూర్చోండి. ఇటలీలో ‘కానీ’. మీరు వెళ్దామనుకున్నారు, కానీ... చూశారా, ఇటలీవాడూ ఆగమంటున్నాడు. వియత్నాంలో దయ్యం. ఎస్టోనియాలో ‘నేను’. హంగరీలో ‘ఇవాళ’. జపాన్‌లో అయితే రెండింటి మధ్య వదిలే ఖాళీ. ఎలాంటి ఖాళీ అంటే...”

అని ఆ ఖాళీ చూపించడానికి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. హేమంత్ లేవబోతే చెయ్యెత్తి, “ఇంకా అవలేదండీ, ఖాళీ నడుస్తోంది” అన్నారు.

ఆ తర్వాత చైనా గుర్రం ఎక్కారు. మామూలుగా రెండు నిమిషాల్లో దిగేవారు, ఇవాళ ఊరంతా తిరిగారు. ఫ్రాన్సులో ‘నా’ అన్నారు. తమిళంలో మామిడి అన్నారు, మామిడిలో రకాలు చెప్పారు. గొంతు బొంగురుపోయింది. దగ్గి, మంచినీళ్లు తాగి, “హంగరీలో ఏమిటంటే, ఇవాళ” అన్నారు.

“హంగరీ అయిపాయె కద సార్!” అన్నాడు హేమంత్ ఏడుపు మొహంతో.

“ఇందాక సగమే చెప్పానండీ.”

ఓదెలు చటుక్కున తలెత్తాడు. చెప్పిన దేశం చచ్చినా మళ్లీ చెప్పని మనిషి! ఎస్టోనియా మళ్లీ వచ్చింది. దయ్యం మళ్లీ వచ్చింది. ఆయన సోది చెబుతున్నారు, తెలిసి తెలిసి, పరువు పక్కన పెట్టి. ఓదెలు అప్పుడు ఆయన కళ్లలోకి చూశాడు. ఆయన చూపు హేమంత్ మీద లేదు, లిఫ్టు మీద ఉంది.

లిఫ్టు తెరుచుకుంది. చున్నీ అంచుకు పసుపు మరకతో భూలక్ష్మి రొప్పుతూ వచ్చింది. “లేటైంది సార్. తినకుండ పోనియ్యలే.”

హేమంత్ గడియారం చూసుకున్నాడు. “మీరింకా మెయిలు పంపలేదు కదండీ” అన్నారు చలపతిరావుగారు, గాలి తప్ప ధ్వని లేని గొంతుతో. హేమంత్ మంచివాడే, పైగా ఇంకో హంగరీ తట్టుకునే ఓపిక లేదు. బ్యాగు దించాడు. “రామ్మా. పప్పు ఎట్లుండె?”

“ఉప్పు తక్కువైంది సార్.”

హేమంత్ నవ్వాడు. ఆ పిల్ల బెరుకు అక్కడే పోయింది. అరగంట తర్వాత బయటికి వచ్చి, “వచ్చే నెల ఒకటో తారీకున చేరమన్నరు” అంది, అన్నని చూసి. ఓదెలు కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కనబడకుండా అటు తిరిగి కంప్యూటరు కట్టేశాడు.

చెల్లెల్ని తన గదిలో దింపి వచ్చి, చలపతిరావుగారిని మియాపూర్‌లో ఇంటి దగ్గర దించడానికి బండి ఎక్కించుకున్నాడు. “మా చెల్లె అని మీకెట్ల తెలుసు సార్?” అని అడిగాడు. అడిగాక తను అన్న మాట గుర్తొచ్చి బిగుసుకుపోయాడు. ఏమీ కాలేదు. వెనకనుంచి గుసగుసగా, “తెలియదయ్యా. కూర ఉడికిందా అని ఏడుపు గొంతుతో అన్నిసార్లు అడిగావు. కూర కోసం ఎవరూ అంత ఏడవరు” అని మాత్రం వినిపించింది.

కొత్తగూడ కూడలిలో బండి ఆగింది. అక్కడా పొయ్యిలు! బంతి చివర హేమంత్ అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి మొహం తిప్పుకున్నాడు. పోచమ్మ అనే పెద్దావిడ గంటె పట్టుకుని ఎదురొచ్చింది.

“కూసోండ్రి సారూ! మా చేతి వంట తినిపోండ్రి.”

చలపతిరావుగారి చెయ్యి దానంతటదే కళ్లజోడు మీదికి పోయింది. నోరు తెరిచారు. చిన్న గాలి వచ్చింది. మళ్లీ తెరిచారు. అదీ లేదు. అంత బేలగా ఆయన్ని ఓదెలు ఎన్నడూ చూడలేదు.

ఓదెలు ఆయన పక్కన చతికిలబడి, విస్తరి సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

“అవ్వా, మా అంటే చైనాల ఏందో ఎరుకేనా? గుర్రం!”

బంతి చివర హేమంత్ గబగబా తినడం మొదలుపెట్టాడు.

“గుర్రమా? గదేంది బిడ్డా?” అంది పోచమ్మ, గంటె నడుముకు ఆనించి.

ఓదెలు చెప్పుకుంటూ పోయాడు. చలపతిరావుగారు అన్నం కలుపుకుంటూ ప్రతి మాటకూ తలూపుతున్నారు. ఇటలీ నుంచి తిన్నగా హంగరీకి పోబోతే, నోటినిండా ముద్దతో, ఎడమచేత్తో ఓదెలు మోకాలు తట్టి, కళ్లు పెద్దవి చేసి దయ్యంలా చూపించారు.

“ఆఁ, వియత్నాం మరిచిన సార్” అన్నాడు ఓదెలు.