అక్కను తిట్టలేని పిల్లప్ప

పీణ్యలో ఒక కార్ఖానాలో లేతు మిషను తిప్పే పిల్లప్పకూ, పూలమ్మే వాళ్ల అక్క ఓబులమ్మకూ ఒక్క పూటైనా పడేది కాదు. ఒకే వఠారంలో ఎదురెదురు ఇళ్లు. కుళాయి దగ్గర బిందెల వరసలో మొదలైన గొడవ, ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో వడ్డించని వడ దాకా పోయేది. మధ్యలో ఎవరైనా సర్దిచెప్పబోతే ఇద్దరూ ఒక్కటై వాళ్ల మీద పడేవాళ్లు. అదీ వాళ్ల ప్రేమ. అందరికీ అర్థమయ్యేది కాదు.

తొంభై ఎనిమిదిలో పిల్లప్పకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలసిస్ మీద ఈడ్చుకొస్తున్నాడు. గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయమే. కిడ్నీ మారిస్తేనే మనిషి నిలుస్తాడని డాక్టరు తేల్చేసిన రోజు, ఓబులమ్మ పూలబుట్ట కింద పెట్టి, "నాది తీసుకోండప్పా. వీడు పోతే నేను ఎవుర్ని తిట్టాల?" అంది.

ఆపరేషను బాగానే జరిగింది. గొట్టంలో ఉచ్చ దిగుతుంటే చూసి పిల్లప్ప వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడాదిగా చుక్క రాని మనిషి మరి. ఇంటికి పంపేముందు నర్సమ్మ మందులు చేతికిచ్చి, "ఈ కిడ్నీ కొత్తకోడలు లాంటిదప్పా, అలిగిందంటే కష్టం. మాత్రలు మర్చిపోవద్దు" అని నవ్వింది. నర్సులు నవ్వులాటకు అన్న మాటలనే రోగులు వేదంగా పట్టుకుంటారు. పిల్లప్ప మాత్రల సంగతి ఎటూ మరవలేదు, అలక సంగతి అసలే మరవలేదు.

అది మొదలు అక్కను పల్లెత్తు మాట అనలేదు. "ఏమే" పోయి "మీరు" వచ్చింది. ఆమె గొంతు పెంచితే చాలు, కొత్త కిడ్నీ పెట్టిన పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని, "మీరు చెప్పిందే రైటక్కా" అనేవాడు. వఠారంలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఓబులమ్మకు మాత్రం తిన్నది ఒంటబట్టడం మానేసింది.

ఒక ఆదివారం ఆమే కయ్యానికి కాలు దువ్వింది. "నాయనకు నేనంటేనే ప్రాణం రా. నిన్ను ఏదో పాపమని సాకినాడు."

పాత పిల్లప్పైతే ఇంటి పైకప్పు ఎగిరిపోయేది. ఈ పిల్లప్ప, "అవునక్కా, మీరంటేనే" అన్నాడు.

ఓబులమ్మ గడప మీద కూలబడి భోరుమంది. "నా తమ్ముడు బతకాలని ఇస్తిని రా! వాడు యాడికి పాయె? ఈ చుట్టాన్ని పెట్టుకొని నేనేం చేసుకోవాల?"

పిల్లప్ప బిత్తరపోయి పక్కన కూర్చున్నాడు. దాచుకున్నది కక్కేశాడు. "మిమ్మల్నొక మాటంటే లోపల అది అలుగుతాదేమోనని భయమక్కా. ఎంతైనా మీది కదా."

ఓబులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"తిక్కలోడా! నా ఒంట్లో ఉన్నెప్పుడు నలభై ఏండ్లు అది నీ తిట్లు వింటానే పెరిగింది. ఇప్పుడు నువ్వు మీరూ గీరూ అంటాంటే, ఎవురింటికి వస్తినో అని దిగులు పడుతుండాది."

పిల్లప్ప మొట్టిన చోట రుద్దుకున్నాడు. ఏడుస్తూనే అన్నాడు.

"నాయనకు నేనంటేనే ప్రాణం. పోవే."