విద్యార్థి లైసెన్సు మీద లెక్కగట్టిన గోడ

క్వారీ ఇంజనీరు మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి, దాంతోనే అతని ముఖం మీద కొట్టాడు. కనుబొమ్మ చీలింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. బల్ల మీదికి ఒరిగినవాణ్ని మెడ పట్టి అదిమాడు. వెనక వరుసలోంచి నేను కుర్చీలు తోసుకుంటూ వెళ్లేసరికి, ఊరివాళ్లు ఇంజనీరును కింద పడేసి తొక్కుతున్నారు.

రాష్ట్ర సరిహద్దు అవతల, కోర్పనా దగ్గర మా అక్క ఊరు. పక్కనే సున్నపురాయి క్వారీ, రోజూ మధ్యాహ్నం పేలుళ్లు. అక్క ఇంటి గోడ పైనుంచి కిందిదాకా పగిలింది. పేలుడుకు నేల అదిరే అదురు సర్కారు పెట్టిన హద్దు దాటిందని తేలితే గోడ కట్టివ్వాల్సింది క్వారీయే. ఆ అదురును లెక్కగట్టే, ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్ అక్క కొడుకు దగ్గర ఉంది. వాడు కాలేజీలో పాఠాలు చెబుతాడు. ప్రోగ్రామ్ మాత్రం వాడి పీహెచ్‌డీ గైడు ఎప్పుడో రాసింది.

ఆ రోజు పంచాయతీ హాల్లో, క్వారీవాళ్ల ముందు, తెర మీద దాన్ని నడిపాడు. హద్దు దాటినట్టే వచ్చింది. కానీ ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడిపేలా మార్చే కంపైలర్ తెరుచుకోగానే 'విద్యార్థులకు మాత్రమే' అన్న వరుస కూడా అందరికీ కనబడింది. చదువుకునేవాళ్లకు కంపైలర్ కంపెనీ దాన్ని ఊరికే ఇస్తుంది, వేరే పనికి వాడొద్దని షరతు. చదువయ్యాక కూడా వీడు కాలేజీ ఈమెయిలుతో ఏటా పొడిగించుకుంటున్నాడు. నడుస్తున్న ప్రోగ్రామ్‌కు కంపైలర్ మార్చాలంటే, జవాబు మారుతుందేమోనని ఇలాంటి లెక్కలు చేసేవాళ్లకు భయం.

ఇంజనీరు రాజురా వైపు తెలుగువాడే. నవ్వాడు. "ఏంది పంతులూ, దొంగ సరుకుతోటి మా మీద లెక్క కడ్తున్నవా?"

"లైసెన్సు సంగతి తర్వాత సార్. లెక్కల తప్పుంటె చూపుండ్రి."

"చెల్లని దాంట్ల తప్పేంది, ఒప్పేంది?"

అక్క లేచింది. "నా గోడ పగలగొట్టేటప్పుడు ఏ లైసెన్సు చూపిచ్చినవ్‌రా?" అంటూ అతని చెంప పగలగొట్టింది. అతను ఆ కోపం ఎదురుగా ఉన్న మా మేనల్లుడి మీద తీర్చుకున్నాడు.

కుట్లు వేయించి వాణ్ని పట్నంలో, తుకుం పేటలోని మా ఇంటికి తెచ్చాను. ఎవరైనా ఏ పనికైనా వాడుకోదగ్గ ఉచిత కంపైలర్ నా కంప్యూటర్లో వేసుకుని, పెన్‌డ్రైవ్‌లోని అదే ప్రోగ్రామ్ నడిపాడు. అదురు హద్దు లోపలే వచ్చింది.

"గిదేందిరా?"

"మా సారు ఒక రాశికి మొదటి విలువ ఇయ్యలే మామా. పాత కంపైలర్ ఆడ సున్న ఏసుకుంటుండె. ఇది ఏస్తలేదు, ఆడ ఏది దొరికితె అదే తీసుకుంటది."

"మరి సున్ననే పెట్టు."

"సారు మనసుల సున్ననే ఉండెనా, ఇంకేమన్ననా? ఎట్ల తెలుస్తది?"

అడుగుదామంటే ఆ గైడు ఇప్పుడు బతికి లేడు.

రెండు వైపులా కేసులు నడుస్తున్నాయి, పేలుళ్లూ సాగుతున్నాయి. ఆ రాశి విలువ ఎంతో తేలలేదు. అక్క గోడ ఎవరు కట్టాలన్నదీ తేలలేదు.