మా బావ కారు థర్మోస్టాట్

మా బావ కారు పాడైపోయిందంటే తప్పు బావదేనని వికారాబాదు మోటారు స్టాండులో అందరూ అన్నారు. పాపం, బావ కూడా అదే నమ్మాడు. ఆ తప్పు నాది.

బావ అంటే మా అక్క మొగుడు. రెండెకరాల చెలక అమ్మి పాత కారు కొని, తాండూరుకు సవారీలు తోలేవాడు. నేను స్టేషను దగ్గర షెడ్డులో మెకానిక్కుని. చలికాలం పొద్దున్నే ఆ కారు ఎంతకీ వేడెక్కేది కాదు, పెట్రోలు మాత్రం గటగటా తాగేది. చూస్తే ఇంజను మెడలో థర్మోస్టాటే లేదు. నీళ్లు కాగేదాకా తలుపు మూసి ఉంచి, కాగాక తెరిచి రేడియేటరుకు వదిలే చిన్న ఇత్తడి బిళ్ల అది. ఎండల దేశానికి అదెందుకని మా వైపు మెకానిక్కులంతా పీకి పారేసేవాళ్లు. మా ఉస్తాదూ వద్దనే అన్నాడు. నాకేమో నాలుగు అక్షరాలు వచ్చన్న పొగరు. పెట్టాల్సిందేనని పట్టుబట్టాను.

హైదరాబాదు పోయాను. అసలుది రావడానికి నెల పడుతుందన్నాడు దుకాణదారు. పెళ్లిళ్ల రోజులు, బావ ఆగేట్టు లేడు. నకలు రకం రెండు చూపిస్తే, కొలత సరిపోయినది తెచ్చాను. అది చూసి ఉస్తాదు ఒక్కటే చెప్పాడు: మరిగే నీళ్లలో వేసి, తలుపు తెరుచుకున్నాకే బిగించమని.

అక్క నా కోసం పొయ్యి మీద గిన్నె కూడా పెట్టింది. ఆ రోజు టూరింగ్ టాకీసులో కొత్త సినిమా. నీళ్లు మరిగేదాకా కూచుంటే మొదటి రీలు పోతుందని అక్కకు తెలియకుండా అలాగే బిగించి పోయాను. సిగ్గులేని వెధవని.

మర్నాడు బండి తీస్తూ బావ అడిగాడు.

"నీళ్లల్ల ఏసి చూసినవా?"

"చూసిన బావా. మంచిగ తెరుచుకుంటున్నది."

"నువ్వు చూసినంక నాకేం ఫికర్" అని నవ్వి, సవారీలను ఎక్కించుకుని పోయాడు.

తాండూరు ఇంకా నాలుగు మైళ్లు ఉందనగా ఇంజను పగిలింది. కబురందుకుని పోయి మెడ విప్పితే, తలుపు బిగుసుకుపోయి ఉంది. ఇంజనులో నీళ్లు మరిగి మరిగి ఆవిరైపోయాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. బావ చూడకముందే బిళ్లను జేబులో వేసుకున్నాను. ఆయన రోడ్డు పక్కన తల పట్టుకుని కూచున్నాడు.

"తొందరల పొద్దుగాల నీళ్లు చూసుకోలే బామ్మర్దీ. నా చేతులార చేసుకున్న."



కారు తుక్కు కింద పోయింది. బావ తాండూరు నాపరాళ్ల గనిలో కూలికి చేరాడు. నీళ్లు పోయడం మరిచినోడివని అక్క ఎన్నేళ్లు సాధించిందో! ఆయన తల దించుకుని తినేవాడు. ఆ పక్కనే కూచుని నేనూ తినేవాణ్ని.

కొన్నేళ్లకు నేనూ ఒక పాత కారు కొన్నాను. మొదటి సవారీ రోజు బావ తాండూరు నుంచి పొద్దున్నే బండెక్కి వచ్చాడు. రాళ్లు మోసి మోసి కాయలు కాసిన చేతులతో రేడియేటరు మూత తిప్పి, తనే చెంబుతో నీళ్లు పోశాడు.

"దినాం చూసుకో. నా లెక్క మరువకు" అన్నాడు.

సరే బావా, అన్నాను.