మైకు పెట్టెకు బొగ్గు పూత

జమాల్‌బీకి కుదురు లేదని తమ్ముడు లాల్ అహ్మద్ ఎప్పుడూ అంటాడు. కుదురుగా కూర్చున్నవాళ్లు ఈ లోకంలో ఏం సాధించినారో అతన్నే అడగాలి.

కృష్ణపట్నం దారిలో వాళ్లది కళాయి అంగడి. గిన్నెలకు కళాయి పెట్టేది జమాల్‌బీ, మైకుసెట్టు అద్దెకిచ్చేది లాల్ అహ్మద్. మైకులో పడిన మాటను పెంచి స్పీకరు గొట్టానికి పంపే యంత్రం ఒక ఇనప పెట్టెలో ఉండేది. అరవై ఆరో సంవత్సరంలో ఉప్పుగాలికి ఆ పెట్టె తుప్పు పట్టి చిల్లులు పడింది. లాల్ అహ్మద్ లోపలి సామాను తీసి, కొత్తగా వస్తున్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించినాడు. తుప్పు బాధ పోయింది. కానీ కరెంటు తీగల దగ్గరికి పోతే చాలు, గొట్టం జుయ్యిమని మొత్తుకొనేది. ఇనుము ఆపిన రొదను ప్లాస్టిక్ ఆపదు.

"తీగలకు దూరంగా పెట్టుకోండి," అనేవాడు లాల్ అహ్మద్.

ఉప్పు పండించే కయ్యల్లో పనిచేసే ఆడవాళ్లు ఎంత దూరం పోగలరు? చుట్టూ నేలంతా కాంట్రాక్టరు చేతిలోనే. మీటింగు పెట్టుకొనేదానికి మిగిలింది రోడ్డు పక్క పోరంబోకు, దాని నెత్తిన కరెంటు తీగలు. శుక్రవారం లేబరాఫీసరు వస్తున్నాడు, ఒక్క గంటసేపు. కయ్యల దగ్గర మంచినీళ్లు లేవని కూలీల తరఫున కామమ్మ చెప్పాల. ఆమెది పీలగొంతు. తాగేనీళ్లు అడిగేదానికి మైకు కావలసి రావడం ఎవరికి సిగ్గో వేరే చెప్పనక్కర్లేదు.

"పోయినసారి నేను నోరు తెరిస్తే, తేనెటీగలు లేచినాయని జనం పరిగెత్తినారు," అనింది కామమ్మ అంగడి ముందర నిలబడి. "ఈసారీ అంతేనా అక్కా?"

"కాదు," అనేసింది జమాల్‌బీ. ఎట్టాగో ఆమెకే తెలియదు.

రాగికి తగరం పూసే చెయ్యి ప్లాస్టిక్‌కి ఏం పూయాల? కాలిస్తే కరుగుతుంది. అయిపోయిన టార్చి బ్యాటరీలు పగలగొట్టి, లోపలి బొగ్గుకడ్డీలు నూరింది. తుమ్మబంకలో కలిపి డబ్బా లోపలంతా పూసి, పూత నుంచి ఎర్తుకు తీగ లాగింది. బుధవారం పెట్టి చూస్తే అదే జుయ్.

"మొహానికి మసి పూసినావు గానీ ఆపా, ఏడుపు మాత్రం మానలేదు," నవ్వినాడు తమ్ముడు.

గురువారం జమాల్‌బీ అన్నం ముట్టలేదు. బ్యాటరీకీ ఇయర్‌ఫోనుకీ నడుమ పూతను పెట్టి విన్నది. కరెంటు పారితే టక్కుమనాల, అనలేదు. పూతలో కరెంటే పారడం లేదు! గట్టిగా పట్టాలని బంక చిక్కగా పోసింది. రవ్వరవ్వకూ బంక చుట్టుకొని బొగ్గును బొగ్గు తాకడంలేదు. అంతా కడిగేసి, బంక తగ్గించి మళ్లీ మూడు పూతలు పూసింది. టక్కుమనింది. అయితే బొగ్గుకు తగరంతో మాటు వేస్తే పట్టదు, ఎర్తు తీగ పూతకు అంటుకొని నిలవదు.

"నేను పట్టుకుంటాలే," అనింది.

శుక్రవారం తీగల కింద జుయ్ పూర్తిగా పోలేదు, దోమంత అయింది. దాని మీద కామమ్మ గొంతు.

"అయ్యా, మేం తాగే నీళ్లు తెచ్చినాం. ఒక్క లోటా తాగి చూడండి."

గొట్టం ఆ మాటను అవతలి గట్టుదాకా మోసింది. విననట్టు ఉండేదానికి ఆఫీసరుకు దారి లేకపోయింది. ఒక గుక్క తాగి, రెండోది ఉమ్మేసినాడు.

"మైకు ఆపండయ్యా!" అరిచినాడు కాంట్రాక్టరు మేనేజరు.

లాల్ అహ్మద్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"తియ్‌రా చెయ్యి," అనింది జమాల్‌బీ. "ఆమె ఇంకా చెప్పాల."

ఆఫీసరు కలం తీసినాడు. తీగను పూతకు అదిమిపెట్టిన జమాల్‌బీ బొటనవేలు తిమ్మిరెక్కింది. ఆమె ఎత్తలేదు.