ఆకు కొన ఎలా ఉందండీ?

రావులపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆ పెద్దావిడ పేరు నేను అడగలేదు; నేను కొత్తపేటలో దిగుతానని మాత్రం చెప్పాను. పొట్లం విప్పి, ఎండిన నాచు రెమ్మను నా చేతిలో పెట్టారు.

"పీట్ నాచండీ, చిత్తడి నేలల్లో పెరిగేది. కొండల్లో ఉంటున్న శిష్యురాలు పంపింది. సర్వీసంతా దీని బొమ్మే గీసి పాఠం చెప్పేను. తీరా మొక్క వచ్చేసరికి చూపు పోయింది. ఏ రకమో మీరు చూసి చెప్పాలి."

"నాకు గడ్డిలా ఉంది."

"తీర్పు తర్వాతండీ. ముందు కనిపించేది చెప్పండి," అని భూతద్దం ఇచ్చి, రెమ్మపై నీళ్లు చిలకరించారు.

రెమ్మ ఉబ్బింది. తలమీద నక్షత్రంలా కుచ్చు విచ్చుకుంది.

"ఆకు కొన సూదిగా ఉందాండీ?"

"లేదు. మొద్దుగా, గరిటెలా లోపలికి వంగింది."

"అన్నీ అంతేనా?"

"ఒకటి చూస్తే చాలదూ?" అని విసుక్కుంటూనే అన్నీ చూశాను. "అంతే."

"ఆయ్! అయితే నేను గీసిన రకమేనండీ." ఆవిడ వేలికొసతో ఆ కుచ్చును మెల్లగా తడిమారు.

కండక్టరు కొత్తపేట అని అరిచాడు.

"మీ ఊరొచ్చిందండీ, దిగండి," అన్నారావిడ.

నేను దిగలేదు. "రంగు అడగలేదేమండీ?" అని దబాయించి, భూతద్దం మళ్లీ కంటికి ఆనించాను. "అడుగున ఎండుగడ్డి రంగు. పైకొచ్చేకొద్దీ లేత ఆకుపచ్చ..."